పది పేజీల కథకు రెండు గంటల సినిమా: దర్శకుడు ఏం కలిపాడు?

నవల సినిమాగా వచ్చినప్పుడు చదివినవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. ఫలానా పాత్రను తీసేశారు, ఫలానా ఘట్టం ఎగరగొట్టారు, పుస్తకమే బాగుంది. చిన్న కథ దగ్గర ఈ ఫిర్యాదు కుదరదు. పది పేజీల కథలో తీసెయ్యడానికి ఏముంటుంది? ఉన్నది ఉన్నట్టు తీస్తే అరగంట, మహా అయితే ముప్పావుగంట. మిగతా గంటకు పైగా సరుకు దర్శకుడు ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. అందుకే కథనూ దాని సినిమానూ పక్కపక్కన పెట్టినప్పుడు ముందు చూడాల్సింది ఏం కలిపారన్నది. కథను ఆ దర్శకుడు ఎలా చదివాడో, అందులో ఏది తనకు చాలలేదో అక్కడే బయటపడుతుంది.

దీనికి మంచి ఉదాహరణలు ఒకే ఏడాదిలో రెండు దొరుకుతాయి. 1977లో ఇద్దరు బెంగాలీ దర్శకులు హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథల్ని సినిమాలుగా తీశారు. ఇద్దరూ తమ సొంత భాషలో తీయలేదు. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ని హిందీ, ఉర్దూల్లో తీస్తే, మృణాళ్ సేన్ ‘కఫన్’ కథను తీసుకొచ్చి తెలంగాణ పల్లెలో పెట్టి, తెలుగులో ‘ఒక ఊరి కథ’గా తీశాడు. ఆ ఏడాది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దీనికే వచ్చింది. అయినా మన దగ్గర ఈ సినిమా గురించి వినేదే తప్ప, చూసినవాళ్లు తక్కువ.

‘కఫన్’ ప్రేమ్‌చంద్ చివరి రోజుల్లో రాసిన కథ. చలికాలం రాత్రి. గుడిసె ముందు ఆరిపోయిన నెగడు దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ కూర్చుని, ఎవరి పొలంలోనో తవ్వుకొచ్చిన ఆలుగడ్డలు కాల్చుకు తింటున్నారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటినొప్పులతో కేకలు పెడుతోంది. ఒకసారి వెళ్లి చూసిరా అని తండ్రి అంటాడు. కొడుకు కదలడు. తను లోపలికి వెళితే మిగతా ఆలుగడ్డలు తండ్రి తినేస్తాడని అనుమానం. వేడివేడివి నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకుంటూనే, ఘీసూ ఇరవై ఏళ్ల కిందట ఠాకూరు ఇంటి పెళ్లిలో తిన్న విందు గురించి చెబుతాడు. నేతిలో కాల్చిన పూరీలు, చట్నీ, పెరుగు, మిఠాయిలు. నువ్వొక ఇరవై పూరీలు తిని ఉంటావా అని కొడుకు అడుగుతాడు. తెల్లారేసరికి బుధియా చనిపోయి ఉంటుంది. కడుపులో బిడ్డ కూడా. ఇద్దరూ ఊళ్లో ఏడుస్తూ తిరిగి, శవానికి బట్ట కొనడానికి అయిదు రూపాయలు పోగుచేస్తారు. బజారుకు వెళ్తారు. బట్టల కొట్లు చూస్తారు, ఏదీ నచ్చదు. సాయంత్రానికి కాళ్లు వాటంతటవే సారా కొట్టు దగ్గర ఆగుతాయి. కథ ముగిసేసరికి తప్పతాగి, పాడి, గెంతి, అక్కడే పడిపోతారు.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, బుధియా బతికి ఉండగా కథలో ఎక్కడా కనిపించదు. ఆమె ఒట్టి కేక. ఏడాది కిందట పెళ్లయి వచ్చిందనీ, పిండి విసిరి, గడ్డి కోసి ఈ ఇద్దరి కడుపులు నింపుతోందనీ కథకుడు నాలుగు వాక్యాల్లో చెప్పి ఊరుకుంటాడు. ప్రేమ్‌చంద్ ఆమెను గోడ అవతలే ఉంచేశాడు. అందుకే చదివేవాడు కూడా కాసేపు ఆలుగడ్డల దగ్గరే కూర్చుంటాడు. పూరీల లెక్కకు నవ్వుతాడు. నవ్విన రెండు లైన్ల తర్వాత లోపల ఒక మనిషి ఉందని గుర్తొచ్చి సిగ్గు పడతాడు. కథ బలమంతా ఆ సిగ్గులోనే ఉంది.

సేన్ ఆమెను ముందుకు తెచ్చాడు. సినిమాలో ఆమె పేరు నీలమ్మ. వేసింది మమతా శంకర్. తండ్రి వెంకయ్యగా ఎం.వి. వాసుదేవరావు, కొడుకు కిష్టయ్యగా నారాయణరావు. వాసుదేవరావు అప్పటికే కన్నడ ‘చోమన దుడి’కి జాతీయ ఉత్తమ నటుడు. నీలమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఒళ్లు వంచి పనిచేసి, ఆ ఇద్దరినీ ఒక దారిలో పెట్టాలని చూస్తుంది. కథలో నాలుగు వాక్యాలున్నది సినిమాలో సగం నడకను మోస్తుంది. ఫలితం ఏమిటంటే, ఆమె నొప్పులు పడే సమయానికి ఆమె మనకు తెలిసిన మనిషి. శవానికి బట్ట కోసం ఇద్దరూ డబ్బులు అడుక్కోవడానికి బయల్దేరితే నవ్వు రాదు, కోపం వస్తుంది. ప్రేమ్‌చంద్ ఇచ్చిన భయంకరమైన నవ్వు పోయింది. దాని స్థానంలో ఆగ్రహం వచ్చింది. ఇది నష్టమా, లాభమా అంటే రెండూ. కానీ ఆ రోజుల్లో సేన్ తీస్తున్న సినిమాలు చూసినవాళ్లకు ఆయన ఏది ఎంచుకుంటాడో ముందే తెలుసు.

రెండో చేర్పు ఇంకా సూక్ష్మం. రాత్రింబవళ్లు చాకిరీ చేసే రైతుల బతుకే ఈ సోమరిపోతుల కంటే పెద్ద మెరుగ్గా లేని చోట, ఇలాంటి బుద్ధి పుట్టడంలో వింతేమీ లేదని కథలో ప్రేమ్‌చంద్ తనే పక్కనుంచి అంటాడు. ఘీసూకి ఆ ఆలోచన స్పష్టంగా లేదు. అతను ఒట్టి బద్ధకస్తుడు, తెలివైనవాడు, అంతే. సినిమాలో వెంకయ్య ఆ మాటను తన సిద్ధాంతం చేసుకున్నాడు. పనిచేస్తే లాభం దొరగారికే కదా, మనకెందుకు పని అంటాడు. రచయిత వ్యాఖ్యానం పాత్ర నోట్లోకి వెళ్లింది. సినిమాలో కథకుడు ఉండడు కాబట్టి ఇది తప్పదని అనొచ్చు. కానీ తెలియక చేసేవాడికీ తెలిసి చేసేవాడికీ చాలా తేడా ఉంది. ఘీసూ మీద జాలి పడొచ్చు. వెంకయ్యతో వాదించాలనిపిస్తుంది. వాసుదేవరావు ఆ ఎండిపోయిన ఒంటితో, గుడ్లురిమి చూసే చూపుతో పాత్రను నిలబెట్టాడు కాబట్టి సరిపోయింది. తక్కువ నటుడి చేతిలో పడితే అది ఉపన్యాసం అయ్యేది.

రాయ్ చేర్పు వేరే రకం. ‘శత్రంజ్ కే ఖిలాడీ’ కథలో ఇద్దరు లక్నో జాగీర్దార్లు, మీర్, మీర్జా. నవాబు వాజిద్ అలీ షా రాజ్యం కుప్పకూలుతుంటే వాళ్లకు చదరంగం తప్ప ఇంకో ధ్యాస ఉండదు. నవాబు పేరుకే కథలో ఉంటాడు, ఇంగ్లీషు సైన్యం దూరం నుంచి వెళ్లిపోతుంది. రాయ్ ఆ దూరాన్ని దగ్గరకు లాగాడు. అమ్జద్ ఖాన్‌ను నవాబుగా, రిచర్డ్ అటెన్‌బరోను ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జనరల్ ఔట్‌రమ్‌గా పెట్టి, 1856లో నవాబు రాజ్యమైన అవధ్‌ను కంపెనీ మింగిన తీరును సమాంతరంగా ఇంకో కథగా నడిపాడు. సినిమా మొదట్లో బొమ్మల యానిమేషన్, అమితాబ్ బచ్చన్ గొంతులో వ్యాఖ్యానం కూడా ఉన్నాయి. ప్రేమ్‌చంద్ పాఠకులకు ఈ చరిత్ర పాఠం అక్కర్లేదు. రాయ్ ప్రేక్షకులు మాత్రం లక్నో నుంచి లండన్ దాకా ఉన్నారు. నిజం చెప్పాలంటే ఈ భాగాలు అన్నీ ఒకే బిగువుతో లేవు. నవాబు ఒంటరిగా ఉన్న దృశ్యాలు నిలుస్తాయి. యానిమేషన్ స్కూలు పుస్తకంలా అనిపిస్తుంది.

చిన్న చేర్పులే ఎక్కువ గుర్తుంటాయి. మీర్జా భార్య విసిగిపోయి పావులు మాయం చేస్తే, ఇద్దరూ నిమ్మకాయలూ టమాటాలూ వరసగా పేర్చుకుని ఆట మొదలుపెడతారు. ఈ వ్యసనం ఎంత ముదిరిందో చెప్పడానికి ప్రేమ్‌చంద్‌కు పేరా పట్టింది. ఇక్కడ ఒక నిమ్మకాయ చాలింది.

అసలు మార్పు ముగింపులో ఉంది. కథలో గోమతి అవతల పాడుబడ్డ మసీదులో ఆడుకుంటూ, మాటామాటా పెరిగి, ఇద్దరూ కత్తులు దూసి ఒకరినొకరు చంపుకుంటారు. రాజు కోసం ఒక్క కన్నీటిబొట్టు కార్చనివాళ్లు చదరంగం మంత్రి కోసం ప్రాణాలిచ్చారని ప్రేమ్‌చంద్ పొడుస్తాడు. బల్ల మీద మిగిలిన రెండు రాజుల పావులు వాళ్ల చావుకు ఏడుస్తున్నట్టున్నాయని ముగిస్తాడు. సినిమాలో ఎవరూ చావరు. మీర్ చేతిలో పిస్తోలు పేలుతుంది, తూటా మీర్జాను రాసుకుంటూ పోతుంది. కాసేపటికి ఇద్దరూ సిగ్గుపడి, మళ్లీ కూర్చుని, ఈసారి ఇంగ్లీషు పద్ధతిలో ఆడదామనుకుంటారు. మంత్రి స్థానంలోకి విక్టోరియా రాణి వస్తుంది. చచ్చిపోయినవాళ్లతో ఒక కాలం ముగిసిపోయినట్టు ఉంటుంది. బతికి, కొత్త పాలకుల నిబంధనలతో పాత ఆటే ఆడేవాళ్లతో ఏదీ ముగియదు. ఇక్కడ రాయ్ ప్రేమ్‌చంద్ కంటే ఎక్కువ నిర్దయగా ఉన్నాడు. చూడ్డానికి మాత్రం మెత్తబరిచినట్టు కనిపిస్తుంది. ఆ సినిమా వచ్చిన కొత్తలో పడిన విమర్శల్లో చాలావరకు ఈ మెత్తదనం చూసి పడ్డవే.

అదే రాయ్ నాలుగేళ్ల తర్వాత అదే ప్రేమ్‌చంద్ దగ్గరికి మళ్లీ వచ్చాడు. 1981లో దూరదర్శన్ కోసం తీసిన ‘సద్గతి’లో దాదాపు ఏమీ కలపలేదు. కూతురి సంబంధానికి ముహూర్తం అడగడానికి వెళ్లిన దళితుడు దుఖీ, పండితుడి ఇంట్లో ఊడ్చి, పొట్టు మోసి, పస్తుతో గట్టి మొద్దును చీల్చబోయి అక్కడే చచ్చిపోతాడు. శవాన్ని తీయడానికి ఎవరూ రారు. చివరికి పండితుడే తాడు ఉచ్చు వేసి ఊరి బయటకు ఈడుస్తాడు. ఓం పురి, స్మితా పాటిల్, మోహన్ అగాషే. కథ ఎలా నడుస్తుందో సినిమా అలాగే నడుస్తుంది. రాయ్‌కు ఉన్నట్టుండి మూలం మీద భక్తి పెరగలేదు. ఇది టీవీ కోసం తీసిన గంట లోపు సినిమా. నింపాల్సిన ఖాళీ లేదు కాబట్టి నింపలేదు. ‘మూలానికి విధేయత’ అని మనం పొగిడేది చాలాసార్లు నిడివి చేసిన పనే.

నిడివి ఒక సమస్య అయితే, కథకుడి గొంతు రెండోది. మంచి కథలో సగం అందం ఎవరు చెబుతున్నారన్న దాంట్లో ఉంటుంది. కెమెరాకు ఆ గొంతు లేదు. టాగూర్ ‘పోస్ట్‌మాస్టర్’ చివర చూడండి. పల్లెటూరి పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం వదిలి కలకత్తా వెళ్లిపోతుంటాడు. ఇంట్లో పనిచేస్తూ, అతని దగ్గర అక్షరాలు నేర్చుకున్న అనాథ పిల్ల రతన్‌కు డబ్బులివ్వబోతాడు. ఆమె కాళ్ల మీద పడి, నాకేమీ వద్దని ఏడ్చి పారిపోతుంది. పడవ కదిలాక అతనికి వెనక్కి వెళ్దామనిపిస్తుంది. కానీ ఈ లోకంలో ఎవరికెవరు అని వేదాంతం చెప్పుకుంటాడు. రతన్‌కు ఆ వేదాంతం లేదు. తిరిగి వస్తాడేమో అని పోస్టాఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. బుద్ధిలేని మనిషి హృదయమా అని టాగూర్ నిట్టూరుస్తాడు.

1961లో ‘తీన్ కన్య’లో ఒక భాగంగా రాయ్ ఈ కథ తీసినప్పుడు ఆ ఏడుపు లేదు, పడవ వేదాంతం లేదు, నిట్టూర్పు లేదు. పోస్ట్‌మాస్టర్ దారిలో నిలబడి జేబులోంచి డబ్బు తీసి పట్టుకుంటాడు. బరువైన నీళ్ల బకెట్టు మోసుకుంటూ రతన్ ఎదురొస్తుంది. అతని వైపు చూడకుండా దాటిపోతుంది. కాస్త దూరం నుంచి, కొత్తగా వచ్చిన బాబుతో నీళ్లు తెచ్చానని చెప్పే ఆమె గొంతు వినిపిస్తుంది. అతను డబ్బు జేబులో పెట్టేసుకుంటాడు. టాగూర్ రతన్ ఆశ పెట్టుకున్న పిల్ల. రాయ్ రతన్ ఆశ చంపుకున్న పిల్ల. ఇద్దరూ ఒకటి కారు. ఇక్కడ మాత్రం సినిమా వైపే మొగ్గు. డబ్బు తీసుకోనని ఏడిస్తే ఇచ్చేవాడికి ఇంకా కొంత గౌరవం మిగులుతుంది. చూడకుండా వెళ్లిపోతే ఏమీ మిగలదు.

తెలుగు కథ దగ్గరికొస్తే పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ ఉంది. ‘గాలివాన’కు ప్రపంచ కథల పోటీలో బహుమతి రావడంతో పద్మరాజు అంటే ఆ కథే అయిపోయింది కానీ, ఈ రెండోది అంతకు తక్కువదేం కాదు. కాలవలో రాత్రిపూట పోయే పడవ. రంగి, పద్దాలు ఎక్కుతారు. పద్దాలు దొంగ అని పడవవాళ్లకు తెలుసు. అందరూ నిద్రపోయాక సరుకుతో వాడు మాయమవుతాడు, రంగి దొరికిపోతుంది. అప్పుడు కథ చెబుతున్న ప్రయాణికుడితో ఆమె తన బతుకు చెప్పుకుంటుంది. వాడు పెట్టిన హింస, చేసిన మోసం, తెచ్చుకున్న ఇంకో ఆడది. అయినా వాడి కోసం దొంగతనంలో పాలు పంచుకుని నింద మొయ్యడానికి వెనక ఉండిపోయింది ఆమే.

ఈ కథంతా చీకట్లో వినబడే గొంతు. పద్దాలు మనకు సరిగ్గా కనిపించడు. వాడు ఎలాంటివాడో రంగి మాటల్లోంచే ఊహించుకోవాలి. ఎందుకు వాణ్ని వదలదు అని అడగాలనిపించినప్పుడు ఆమె చెప్పే తీరే జవాబుగా నిలుస్తుంది. కె.ఎస్. సేతుమాధవన్ 1995లో దీన్ని ‘స్త్రీ’గా తీశాడు. రంగిగా రోహిణి, పద్దాలుగా తలైవాసల్ విజయ్. సేతుమాధవన్ మలయాళంలో సాహిత్యాన్ని తెరకెక్కించడంలో చేయితిరిగినవాడు. సినిమాకు తెలుగు ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, రోహిణికి ప్రత్యేక ప్రస్తావన దక్కింది.

సినిమాకు వచ్చేసరికి రంగి చెప్పిన గతం దృశ్యాలవుతుంది. పద్దాలుకు ఒక ముఖం, ఒక నడక, ఒక నవ్వు వచ్చేస్తాయి. చెప్పినప్పుడు నమ్మిన విషయాన్నే చూసినప్పుడు ప్రేక్షకుడు ప్రశ్నిస్తాడు. ఇంత కొట్టినవాడి వెంట ఎందుకు పడుతోంది అని పక్కవాడితో గొణుగుతాడు. ఈ ఇబ్బందిని రోహిణి నటన చాలామటుకు దాటించింది. దాటించలేనిది పేరు. పద్మరాజు తన కథకు పెట్టింది ఒక ప్రయాణం పేరు, తీర్పు చెప్పని పేరు. ‘స్త్రీ’ అనగానే రంగి ఒక మనిషి కాకుండా ఆడజాతి మొత్తానికి ప్రతినిధి అయిపోతుంది. సహనం, త్యాగం అనే పాత సామాను అంతా ఆమె నెత్తికెక్కుతుంది. రంగి మూటలో అవేవీ లేవు. ఆమెకు ఉన్నది వాడి మీద మోజు, తన మీద తనకున్న మొండితనం. సినిమాలో అన్నిటికంటే పెద్ద చేర్పు టైటిల్ కార్డులోనే ఉందనడం అతిశయోక్తి కాదు.

పాటల సంగతి ఒక్క మాట. కథను సినిమా చేస్తే పాటలు పెట్టి పాడుచేస్తారని మనకో భయం. కానీ ఫణీశ్వర్‌నాథ్ రేణు ‘మారే గయే గుల్ఫామ్’ కథలోనే బండివాడు హీరామన్ దారి పొడుగునా పాడుతూ, మహువా ఘట్వారిన్ అనే జానపద కథ చెబుతూ పోతాడు. దాన్ని 1966లో ‘తీస్రీ కసమ్’గా తీసినప్పుడు నిర్మాత గీతరచయిత శైలేంద్ర, మాటలు రాసింది రేణు స్వయంగా. అందులో పాటలు కలిపినట్టుండవు, కథలోంచి బయటికొచ్చినట్టుంటాయి. హీరామన్‌కూ అతని బండిలో ప్రయాణించే నాటక కంపెనీ నటి హీరాబాయికీ పెళ్లి చేసి ముగించమని పంపిణీదారులు పట్టుబట్టినా శైలేంద్ర ఒప్పుకోలేదు. సినిమా ఆడలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆయన పోయాడు.

కలపడంలో ఉన్న ప్రమాదం తేటగా చూడాలంటే జపాన్ దాకా వెళ్లాలి. అకుతగావా 1922లో రాసిన ‘యబు నో నకా’ కథలో ఒక సమురాయ్ హత్యకు ఏడుగురి వాంగ్మూలాలుంటాయి. దొంగ తను చంపానంటాడు. భార్య తను చంపానంటుంది. చచ్చినవాడు పూనకం వచ్చిన మంత్రగత్తె నోటితో, నన్ను నేనే పొడుచుకున్నానంటాడు. ప్రాణం పోతుండగా ఎవరో చప్పుడు లేకుండా వచ్చి గుండెలోంచి కత్తి లాగేశారని చెప్పి ఆపేస్తాడు. ఎవరు? అకుతగావా చెప్పడు. కథ అక్కడితో అయిపోతుంది. ఏడు కాగితాలు పాఠకుడి ముందు పడేసి న్యాయమూర్తి లేచి వెళ్లిపోయినట్టు.

కురోసావా 1950లో తీసిన ‘రషోమాన్’కు ఇది చాలలేదు. అదే రచయిత 1915లో రాసిన ఇంకో కథ నుంచి శిథిలమైన రషోమాన్ ద్వారాన్నీ, వానను తెచ్చాడు. దాని కింద ముగ్గుర్ని కూర్చోబెట్టి ఈ వాంగ్మూలాల గురించి మాట్లాడించాడు. కట్టెలు కొట్టేవాడికి రెండో వాంగ్మూలం ఇచ్చాడు. అతను అంతా కళ్లారా చూశాడట. కత్తి కాజేసింది కూడా అతనే అని తేలుతుంది. అకుతగావా ఖాళీగా వదిలిన చోట కురోసావా ఒక చెయ్యి పెట్టాడు. అక్కడితో ఆగకుండా, చివర ద్వారం దగ్గర ఎవరో వదిలేసిన పసిగుడ్డు ఏడుస్తుంది. ఒకడు ఆ పిల్ల మీది బట్టలు లాక్కుపోతాడు. కట్టెలవాడు బిడ్డను ఇంటికి తీసుకెళతాడు. వాన వెలుస్తుంది. 1951లో వెనిస్‌లో పెద్ద బహుమతి తెచ్చుకుని, జపాన్ సినిమాను ప్రపంచానికి చూపించిన సినిమాలో కూడా ఆ పసిబిడ్డ అతికించినట్టే ఉంటుంది. మనుషులు అబద్ధాలకోరులు అని చెప్పి ఊరుకోలేక, అయినా మంచివాళ్లే అని ఓదార్చడానికి వచ్చిన బిడ్డ అది. బట్టలు లాక్కుపోయే భాగం మాత్రం గట్టిది. అది అకుతగావా 1915 కథలోంచి వచ్చిందే. అందులో ఆకలితో ఉన్న పనివాడు ముసలిదాని ఒంటి మీది బట్ట లాక్కుని చీకట్లోకి పోతాడు.

నిడివి సమస్యకు టీవీ ఒక మార్గం చూపించింది. ఆర్.కె. నారాయణ్ కథల్ని శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’గా 1980ల్లో దూరదర్శన్‌కు తీసినప్పుడు, ఒక్కో కథకు అరగంట లోపు సరిపోయింది, అందుకే చాలా భాగాల్లో అతుకులు కనిపించవు. ఇటీవల ఎం.టి. వాసుదేవన్ నాయర్ కథలతో వచ్చిన మలయాళం ‘మనోరథంగళ్’ కూడా తొమ్మిది విడి సినిమాల కూర్పే. తెలుగు కథకూ ఇలాంటి అదృష్టం ఒకసారి పట్టింది. రెండు మూడు పేజీలు దాటని సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ 1970ల్లో ఆంధ్రజ్యోతి వీక్లీలో బాపు బొమ్మలతో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగిన శ్యామ్ బెనెగల్ 1990ల్లో వాటిని దూరదర్శన్ సీరియల్‌గా తీశాడు. కృష్ణ ఒడ్డు మనుషులు అందులో మాట్లాడింది హిందీ.